తలుపు చాటు స్పీకరు

మా అత్తమ్మకు చెవులు సరిగా వినబడవు. గట్టిగా అరిస్తే తప్ప మాట అందదు. అల్లుడన్నవాడు అత్తగారి ముందు గొంతు పెంచకూడదు. ఈ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టుకుని చూడండి, మా ఇంట్లో ఏం జరుగుతూ వచ్చిందో మీకే తెలిసిపోతుంది. ఆమె మా ఇంటికి వచ్చినప్పటి నుంచి నేను ఆమెతో మాట్లాడుతూనే ఉన్నాను, మెల్లగా, మర్యాదగా, తల కొంచెం వంచుకుని. ఆమె నా ప్రతి మాటకూ తల ఊపుతూనే ఉంది. నా మాట ఒక్కటి కూడా ఆమె చెవిన పడలేదని నాకు తెలుసు. అయినా మర్యాద మర్యాదే కదా.

మాది మిర్యాలగూడ. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్తాను. నా భార్య వేములపల్లి ఆసుపత్రిలో నర్సు, పొద్దున పోతే సాయంత్రానికి వస్తుంది. తల్లిదండ్రులకు ఆమె ఒక్కతే కూతురు. కోదాడలో మామయ్య పోయాక, "నాలుగు రోజులుండి పోదువుగానీ" అని తల్లిని వెంట తెచ్చుకుంది. ఆ నాలుగు రోజులు అట్లా సాగుతూనే ఉన్నాయి. నాకు అందులో ఏ ఇబ్బందీ లేదు. ఆమె చేసే చేపల పులుసు తిన్నవాడెవడూ ఇబ్బంది అనడు.

అత్తమ్మ పాతకాలపు మనిషి. ఆదివారం ఆదివారం చర్చికి పోతుంది, బైబిలు చదువుతుంది, కానీ అల్లుడి దగ్గరికి వచ్చేసరికి వాళ్ల అమ్మమ్మ ఏం చేసిందో అదే చేస్తుంది. నా ఎదురుగా కుర్చీలో కూర్చోదు. నేను కాలేజీ నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే, అప్పటిదాకా టీవీ ముందు సోఫాలో హాయిగా కూర్చున్న మనిషి గబగబా లేచి వంటింట్లోకి పోతుంది. అక్కడ తలుపు చాటున పీట వేసుకుని, మెడ చాచి, ఆ సందులోంచి సీరియల్ చూస్తుంది.

"అమ్మా, వచ్చి సోఫాల కూసో, ఆయనేమనడు" అని నా భార్య ఎన్నిసార్లు అరిచిందో లెక్కలేదు.

"నీకేం తెలుసే. అల్లుడి ముందు కాలు మీద కాలేసుకుని కూర్చుంటారా ఎవరన్నా?"

"కాలు మీద కాలు ఎయ్యమని ఎవరన్నరు? కూసోమన్న, అంతే."

లాభం లేదు. అసలే చెవులు మందం, ఆపైన తలుపు చాటు. టీవీ గొంతు ఎంత పెంచినా ఆమెకు గొణుగుడే. మాకు మాత్రం గోడలు అదిరేవి. పై అంతస్తులో ఉండే మా ఇంటి ఓనరమ్మ ఒకరోజు మెట్ల దగ్గర నన్ను ఆపి, "సార్, ఆ చిన్న కోడలికి విషం పెట్టిందెవరో తెలిసిందా?" అని అడిగింది. ఆమె ఆ సీరియల్ చూడదు. కింద నుంచి వస్తుంటే వింటుందట.

చెవి మిషను లేదా అంటారేమో. ఉంది. సూర్యాపేట డాక్టరు దగ్గర కొలతలు తీయించి మరీ తెచ్చాం. అది బీరువాలో, దూదిలో చుట్టి, ఆమె గొలుసు పక్కన భద్రంగా ఉంది. అంత విలువైన వస్తువు రోజూ వాడితే పాడవుతుందని ఆమె భయం. ఆమె చేతికి వచ్చిన ఏ వస్తువైనా అంతే. ఫ్రిజ్జు మీద గుడ్డ, మిక్సీకి తొడుగు, రిమోటు కొన్నప్పటి ప్లాస్టిక్ సంచిలోనే. గ్యాసు స్టవ్ ఒక్కటే బట్టలు లేకుండా తిరిగేది.

ఎండలు ముదిరే రోజుల్లో ఒక సాయంత్రం ఆమె తలుపు చాటు నుంచే కూతురితో అన్నది. "నాలుగు చినుకులు పడగానే నేను కోదాడ పోతానమ్మా. ఇక్కడుంటే నాకేం తెలుస్తుంది? మీరిద్దరూ నవ్వుకుంటారు, ఎందుకో తెలియదు. టీవీలో వాళ్ళు ఏడుస్తారు, ఎందుకో తెలియదు. అల్లుడింట్లో ఎన్నాళ్ళని ఇట్లా ఉంటాను?"

కోదాడలో వాళ్ళ ఇంటి ముందు భాగం కిరాయికిచ్చారు, వెనక ఒక్క గది ఉంది. అందులో ఒంటరిగా, కుక్కరు కూత కూడా వినబడని మనిషి. తలుపు కొట్టినా తెలియదు, కిందపడి పిలిచినా వినేవాళ్ళుండరు. నా భార్య ఆ సాయంత్రం కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. కడిగి, చేతులు తుడుచుకుని వచ్చి నా ముందు నిలబడింది.

"కాలేజీల పోరగాండ్లకు శబ్దం పాఠం చెప్తవు గదా. ఇంట్ల ఒక్క ముసలామెకు శబ్దం ఇనిపియ్యలేవా? ఆమె పోయిందంటే నేను ఈడ నిమ్మళంగ ఉండలేను, ముందే చెప్తున్న."

నిమ్మళంగా ఉండనివ్వదు అని కూడా దాని అర్థం. నాకు తెలుసు.

ఆ రోజు నుంచి నేను పనిలో పడ్డాను. టీవీ కింద పెట్టే పొడుగాటి సౌండ్ బారు చాలదా అన్నారు స్టాఫ్ రూములో. చాలదు. అది టీవీ దగ్గరే మోగుతుంది, అత్తమ్మేమో వంటింట్లో ఉంటుంది. అత్తమ్మను స్పీకరు దగ్గరికి తేలేం కాబట్టి స్పీకరునే అత్తమ్మ దగ్గరికి పంపాలి. అంటే హోం థియేటర్ రిసీవరు కావాలి: చుట్టూ ఐదు స్పీకర్లు పెట్టి, అన్నింటికీ ఒకే మాట సమానంగా పంపేది. నాలుగు హాల్లో ఎక్కడైనా చావనీ, ఐదోది వంటింటి తలుపు పక్కన, ఆమె చెవి ఎత్తున. కంప్యూటర్ ముందు కూర్చుని ఏ రిసీవరు మంచిదో చదివి చదివి నా కళ్ళు ఎర్రబడ్డాయి. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు కూడా నేనంత శ్రద్ధ పెట్టలేదని నా భార్య అన్నది.

కొనడానికి సూర్యాపేట పోయాను. మిర్యాలగూడలో దొరకక కాదు. ఇక్కడ ఏ కొట్లోకి పోయినా కౌంటరు వెనక నా దగ్గర చదువుకున్నవాడే ఉంటాడు. "నమస్తే సార్" అంటాడు, ఇగ బేరం ఆడటానికి నోరు రాదు.

సూర్యాపేట కొట్టాయన పెళ్ళిళ్ళకు డీజే బాక్సులు అమ్మి అమ్మి పెద్దవాడైన మనిషి. నన్ను చూడగానే "ఏం ఫంక్షను సార్?" అన్నాడు.

"ఫంక్షను లేదు, ఇంట్లకే."

"ఇల్లు పెద్దదా?"

"చిన్నదే."

"అయితే జర పెద్ద మిషనే తీస్కోండ్రి. చిన్న ఇంట్ల మస్తు గొడ్తది."

నేను ఏదో చెప్పేలోపే ఒకటి మోగించాడు. నా చొక్కా గుండీలు వణికాయి. పక్కన స్టీలు సామాను కొట్టాయన బయటికి వచ్చి, తన గిన్నెల మీద చేతులు పెట్టి పట్టుకున్నాడు. ఆయనకిది అలవాటేనని చూస్తేనే తెలిసింది.

"ఇది గాదు. సీరియల్ పెట్టు" అన్నాను.

"ఏమి సార్?"

"సీరియల్. అత్తా కోడలు మాట్లాడుకునేది ఏదైనా సరే."

ఆయన మొహం చూడాలి. "గింత మిషన్ మీద సీరియలా సార్?" అన్నాడు, నేనేదో ట్రాక్టరు కొని కూరగాయలు తరగమన్నట్టు. అయినా గిరాకీ గిరాకీయే కాబట్టి ఫోనులో ఒకటి వెతికి పెట్టాడు. నేను జేబులోంచి దూది తీసి రెండు చెవుల్లో కుక్కుకుని, కొట్టు వెనక గదికి వేలాడే పరదా చాటుకు పోయి, మెడ చాచి నిలబడ్డాను. నా భార్య ఇచ్చిన దూదే అది. వాళ్ళమ్మకు ఎట్లా వినబడుతుందో అట్లా విని కొనాలని మా ఒప్పందం.

కొట్లో ఉన్న గిరాకీలంతా వైర్లు కొనడం మానేసి నన్ను చూశారు. కొట్టాయన ఏదో అడుగుతున్నాడు. నేను "ఆఁ?" అంటున్నాను. ఆయన మళ్ళీ అడుగుతున్నాడు. నేను మళ్ళీ "ఆఁ?" అంటున్నాను. అప్పుడొక సంగతి నా ఒంటికి పట్టింది. అవతలి మనిషి మొహం కనబడుతూ, పెదవులు కదులుతూ, మాట మాత్రం రాకపోతే, అవతలివాడు మనల్ని తిడుతున్నట్టే ఉంటుంది. నాకు ఉన్నపళంగా కోపం వచ్చింది. దూది పీకి చూస్తే ఆయన "టీ చెప్పాల్నా సార్?" అని అడుగుతున్నాడు.

ఒకదాని తర్వాత ఒకటి వినిపించాడు. ఒకదాంట్లో మగవాళ్ళ గొంతులన్నీ బావిలోంచి వచ్చినట్టున్నాయి. ఇంకోదాంట్లో గాజుల శబ్దం తప్ప మాట లేదు. చివరికి ఒకటి కుదిరింది. దూది ఉన్నా, పరదా ఉన్నా, ఆ సీరియల్లో అత్త పళ్ళు కొరుకుతూ గుసగుసగా అన్న మాట నా చెవిలో చెప్పినట్టు వినబడింది. "ఇదే" అన్నాను.

"మంచిది పట్టుకున్నరు. లేపి సూడుండ్రి. ఎంత బరువుంటే అంత దమ్ముంటది" అన్నాడు. లేపాను. నడుం పట్టింది.

"వేడెక్కుతదా?" అని ఒక్క మాట అడిగాను, నడుం పట్టుకునే.

"జర ఎక్కుతది సార్. గాలి ఆడేతాన పెట్టుండ్రి, ఏం గాదు."

ఇంటికి తెచ్చి గాలి ఆడేచోటే పెట్టాలనుకున్నాను. కానీ మా హాల్లో గోడలోకి కట్టిన షోకేసు ఉంది, దానికి అద్దాల తలుపులున్నాయి. "దుమ్ము పడది, అండ్ల పెట్టు" అన్నది నా భార్య. మట్టి బొమ్మలను, ఆమెకు ఉత్తమ నర్సుగా ఇచ్చిన షీల్డును పక్కకు జరిపి పెట్టాం. నిండా కుదిరింది. అద్దం మూస్తే ఎంత ముద్దుగా ఉందో. ఏటా ఉష్ణం పాఠం చెప్పే లెక్చరర్ని నేనే ఆ అద్దం మూశాను.

మొదటి సాయంత్రం మాకు పండగే. నేను సోఫాలో, నా భార్య పక్కన, అత్తమ్మ తలుపు చాటున, ఆమె చెవి పక్కన ఐదో స్పీకరు. సీరియల్ మొదలైంది. మేము టీవీ చూడటం లేదు, తలుపు వైపే చూస్తున్నాం. కాసేపటికి అక్కడి నుంచి గొంతు వచ్చింది.

"ఇది చచ్చినా మారదే. నగలు తీసింది ఇదే."

నా భార్య నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. సీరియల్లో వంటవాడు ఏదో జోకు వేస్తే ముగ్గురం ఒకేసారి నవ్వాం. అన్నాళ్ళుగా అత్తమ్మ నవ్వు మా నవ్వు అయిపోయాక వచ్చేది, మా మొహాలు చూసి నవ్వేది. ఆ రోజు మాకంటే ముందే నవ్వింది. నాకు చెప్పలేనంత సంతోషమైంది.

సరిగ్గా చిన్న కోడలు నిజం చెప్పబోతుండగా శబ్దం ఆగిపోయింది. బొమ్మ ఉంది, మాట లేదు. వంటింట్లోంచి గిన్నె మీద గరిటెతో కొట్టిన చప్పుడు వచ్చింది. ఒకటి, ఇంకొకటి. తర్వాత అత్తమ్మ గొంతు: "అయ్యో, నా చెవి పూర్తిగా పోయిందే."

నా భార్య పరుగెత్తింది. "చెవి కాదమ్మా, మిషన్ ఆగింది" అని చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది. అత్తమ్మ నమ్మలేదు. కూతురు తనను ఓదార్చడానికి అంటుందనుకుంది. నేను అద్దం తీసి రిసీవరు మీద చెయ్యి పెట్టాను. అప్పడం కాలేది. ఒక హద్దు దాటి వేడెక్కితే అది తన ప్రాణం కాపాడుకోవడానికి తనే ఆగిపోతుందట. మనుషులకు కూడా అట్లాంటి ఏర్పాటుంటే బాగుండు.

మర్నాడు షోకేసులోంచి తీసి టీపాయి మీద పెట్టాను, నలుదిక్కులా గాలి. కానీ మిర్యాలగూడలో గాలి ఒక్కటే రాదు. చుట్టూ రైసు మిల్లులు, మిల్లుల్లో ఊక కాలుస్తారు, ఆ నుసి ఊరంతా దిగుతుంది. ఎండాకాలం కిటికీ తీస్తే నుసి, మూస్తే ఉక్క. రెండో రోజు సాయంత్రం నేను కాలేజీ నుంచి వచ్చేసరికి రిసీవరు కనబడలేదు. దాని స్థానంలో తెల్లటి గుడ్డ ఉంది, అంచులకు లేసు, మధ్యలో గులాబీ పూల కుట్టు. అత్తమ్మ ఆ మసక కంటిచూపుతో రెండు మధ్యాహ్నాలు కూర్చుని కుట్టిందట.

గుడ్డ తీశాను. కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి మళ్ళీ కప్పి ఉంది. మళ్ళీ తీశాను. మంచినీళ్ళు తాగి వచ్చేలోపు మళ్ళీ కప్పింది. నేను ఇంట్లో ఉంటే ఎదురుపడని మనిషి, ఆ గుడ్డ కప్పడానికి మాత్రం ఎప్పుడు వచ్చిపోయేదో దేవుడికి తెలియాలి. ఆ సాయంత్రం మాట మళ్ళీ ఆగింది. గిన్నె మీద గరిటె మళ్ళీ మోగింది. నేను ఉరికి గుడ్డ లాగేశాను.

"మీ అమ్మకు చెప్పు, కప్పొద్దని" అన్నాను నా భార్యతో.

"నేను చెప్ప. ఈ ఇంటికొచ్చినంక నీకోసమని ఆమె చేసిన మొదటి పని అది. నేను చెప్తే, అల్లుడికి నచ్చలేదట అని ఇప్పుడే పెట్టె సర్దుతది. చెప్తే నువ్వే చెప్పాలె. నువ్వు చెప్తే మర్యాద, నేను చెప్తే ఫిర్యాదు."

"నేను చెప్తే ఆమెకు ఇనపడద్దా?"

"గట్టిగ చెప్పు మరి."

"అత్తగారి మీద అరువమంటవా?"

"వద్దు వద్దు" అన్నది భయపడి. ఇదీ మా పరిస్థితి.

సరే, సైగ చేద్దామనుకున్నాను. మధ్యాహ్నం ఆమె వంటింట్లో ఉన్నప్పుడు తలుపు దగ్గర నిలబడి, రిసీవరు వైపు వేలు చూపించాను. తర్వాత నా మొహం మీద చేత్తో చెమట తుడుచుకున్నట్టు తుడుచుకుని, ఉస్సురన్నట్టు ఊది, చేత్తో విసురుకున్నాను. వేడెక్కుతుంది, గాలి కావాలి అని. నా లెక్కలో ఇంతకంటే తేటగా ఏ మనిషీ చెప్పలేడు. అత్తమ్మ నొచ్చుకున్న మొహంతో తల ఊపి, గబగబా పోయి కూలర్‌లో నీళ్ళు పోసి, దాన్ని నా వైపు తిప్పి వేసింది. చల్లటి మజ్జిగ గ్లాసు టీపాయి మీద, ఆ గుడ్డ మీదే, పెట్టి పోయింది. నేను మజ్జిగ తాగాను. ఇంకేం చేస్తాను.

ఆ కూలర్‌ను రిసీవరు వైపు తిప్పి చూశాం. అది చల్లబడింది, నిజమే, కానీ కూలర్ రొదలో మాట కొట్టుకుపోయింది. "ఏమంటుందే అది?" అని తలుపు చాటు నుంచి మళ్ళీ పాత ప్రశ్న. టేబుల్ ఫ్యాను పెడితే అదీ అంతే. చల్లగా ఉంటే వినబడదు, వినబడితే ఆగిపోతుంది. మాట ఆగిన ప్రతిసారీ ఆమె గరిటె తీసుకుని తన చెవులు బతికున్నాయో లేదో చూసుకునేది. అది చూస్తే నాకు నవ్వు రావడం మానేసింది.

ఒక సెలవు రోజు, కోదాడ గదికి సున్నం వేయించాలన్నది అత్తమ్మ. అంటే పోవడం ఖాయం చేసుకుంది. ముగ్గురం పోయాం. అక్కడ సున్నం వాసనలో నా భార్య గోడకు ఆనుకుని నిలబడి, మాట్లాడకుండా కన్నీళ్ళు పెట్టుకుంది. తల్లి మాత్రం ఈ మూల మంచం, ఆ మూల స్టవ్ అని చూపిస్తోంది. బజారుకు పోతానని చెప్పి బయటపడ్డాను.

బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే కొట్టు కనబడితే, పాత కంప్యూటర్లలో ఉండే అరచేయంత ఫ్యాన్లు రెండు అడిగాను. కొట్టాయన "ఏ కంప్యూటర్‌కండి?" అన్నాడు. "మా అత్తగారికండి" అన్నాను, ఏదో ధ్యాసలో. ఆయన ఒక్క క్షణం చూసి, ఇంకేమీ అడగకుండా కట్టి ఇచ్చాడు. వాటిని టీవీ వెనకున్న యూఎస్‌బీకి తగిలిస్తే కరెంటు సగం కంటే తక్కువే అందుతుంది, మెల్లగా తిరుగుతాయి, చప్పుడుండదు. ఇది మాత్రం నా ఫిజిక్సే. రిసీవరు మీద వాటిని వేడి గాలి పైకి లాగేట్టు పెట్టాను. ఆ పూట బ్రహ్మాండంగా నడిచింది.

మర్నాడు వచ్చేసరికి ఫ్యాన్ల మీద కూడా గుడ్డ ఉంది. కింది నుంచి గాలి తగిలి అది పూరీలాగా ఉబ్బి ఊగుతోంది. ఎగిరిపోకుండా నాలుగు మూలలా నాలుగు స్టీలు గ్లాసులు బరువు పెట్టింది మా అత్తమ్మ. నేను సోఫాలో కూలబడ్డాను.

ఆ సాయంత్రం మాట ఆగినప్పుడు గరిటె చప్పుడు రాలేదు. కాసేపటికి ఆమె పీట తీసి గోడకు ఆనించి, "వద్దులేవే, నేను చూసినప్పుడల్లా ఆయన వస్తువు పాడవుతుంది" అని కూతురితో చెప్పి, తన గదిలోకి పోయింది. ఆ తర్వాత సీరియల్ టైముకు తలుపు చాటున ఎవరూ లేరు. బయట మబ్బులు పడుతున్నాయి. ఊరంతా వాన కోసం మొహం వాచి ఉంటే, మా ఇంట్లో నా భార్య ఒక్కతే ఆకాశం వైపు కోపంగా చూసేది.

ఆ వారం చర్చి నుంచి వచ్చి అత్తమ్మ కూతురికి పాస్టరు ప్రసంగమంతా అప్పజెప్పింది. ఎవరింట్లో ప్రార్థన కూడిక ఉందో, ఎవరి మనవరాలికి పరీక్ష ఉందో, చెప్పులు బయట వరుసలో విప్పమని ఎవరిని కోప్పడ్డారో, అన్నీ. నేను పేపరు చదువుతూ వింటున్నాను. "ఆమెకు చర్చిల అన్నీ ఎట్ల ఇనపడతయి?" అని అడిగాను.

"ఆడ మైకుంటది గదా" అన్నది నా భార్య, ఉల్లిపాయలు తరుగుతూ. అని, కత్తి ఆపింది. ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. నేను లేచి పోయి గుడ్డ ఎత్తి చూశాను. రిసీవరు ముందు భాగంలో, చిన్న మూత కింద, పాటలు పాడుకునేవాళ్ళ కోసం మైకు పెట్టే రంధ్రం ఉంది. అన్నాళ్ళూ దాని అవసరం నాకు పడలేదు.

సాయంత్రానికి బజారు నుంచి మైకు తెచ్చాను. నా భార్య తల్లిని బతిమాలి తీసుకొచ్చి, తలుపు చాటున పీట వేసి, స్పీకరు పక్కన కూర్చోబెట్టింది. నేను సోఫాలో మైకు పట్టుకుని కూర్చున్నాను. వేలంపాట పాడేవాడిలా ఉన్నాననిపించింది. గొంతు సవరించుకుని, మామూలుగా, మెల్లగా, ఎప్పుడూ మాట్లాడేట్టే, "అత్తమ్మా" అన్నాను.

"అత్తమ్మా... తమ్మా... తమ్మా..." అన్నాయి ఐదు స్పీకర్లూ. పాటల కోసమని అందులో ప్రతిధ్వని పెట్టి ఉంది. పై నుంచి ఓనరమ్మ కుర్చీ జరిపిన చప్పుడైంది. నా భార్య ఉరికొచ్చి దాన్ని తగ్గించింది.

"అత్తమ్మా, నేను మాట్లాడుతున్న. ఇనపడుతున్నదా?"

ఆమె ఉలిక్కిపడి స్పీకరు వైపు తిరిగింది. నా వైపు కాదు. స్పీకరుకే జవాబు చెప్పింది. "వినబడుతుంది బాబూ."

"మీరు కుట్టిన గుడ్డ మస్తుగున్నది. కానీ మిషన్ మీద కప్పితే దానికి గాలి ఆడదు, వేడెక్కి అదే ఆగుతది. అది ఆగినప్పుడే మాట పోతున్నది. మీ చెవులు అట్లనే ఉన్నయ్, పోలేదు."

ఆమె పీట స్పీకరు దగ్గరికి జరుపుకుంది. తర్వాత, "అంటే అది పాడవడం లేదా?" అన్నది.

"లేదు."

"ఈ మాట ముందే చెప్పలేకపోయారా బాబూ?"

"మీ ముందు గట్టిగ ఎట్ల మాట్లాడాలె అత్తమ్మా. మెల్లగ చెప్తనే ఉన్న."

ఆమె స్పీకరు మీద చెయ్యి వేసి, దాన్ని కొంచెం తన వైపు తిప్పుకుంది. "మీ గొంతు ఇట్లా ఉంటుందని నాకు తెలియదు. బానే ఉంది, మెత్తగా" అన్నది. కాసేపాగి, "మిమ్మల్ని ఒకటి అడగనా?" అన్నది.

"అడుగుండ్రి."

"రోజూ పొద్దున మీరు కాలేజీకి పోయే ముందు, ఈ తలుపు దగ్గర నిలబడి, మొహం చిట్లించుకుని, నన్ను ఒక మాట అడుగుతారు. ఒక్కరోజు కూడా మానరు. అదేమిటి బాబూ?"

నాకు వెంటనే తట్టలేదు. ప్రతిరోజూ అలవాటుగా అనేసి పోయే మాట అది. తట్టాక చెప్పాను. "టీ తాగిండ్రా అని, అత్తమ్మా."

"టీయా?"

"అవును. గంతే."

నా భార్య గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"ఎప్పుడు పోతావని అడుగుతున్నారనుకున్నాను" అన్నది అత్తమ్మ. "వానలు పడగానే, వానలు పడగానే అని, రోజూ తల ఊపుతూ వచ్చాను."

మైకు నోటి ముందే ఉంది. ఊపిరి ఒక్కటే ఐదు స్పీకర్లలో వినబడింది. ఆమె దాన్ని కూడా వింటున్నది. చివరికి అన్నాను, అది కూడా మెల్లగానే.

"పోవద్దు, అత్తమ్మా."

"సరే బాబూ" అన్నది ఆమె స్పీకరుతో. "టీలో మాత్రం చక్కెర తగ్గించమని మీ ఆవిడకు చెప్పండి. ఎవరూ అడగక తాగుతున్నాను."